హద్దులు పెట్టవలసిందే, పిల్లలకు!

వైకల్యం ఉన్న పిల్లలను ఎలా ప్రేమించాలో తెలియని శాసనసభలన్నీ అమెరికాలోని అరిజోనా రాష్ట్రాన్ని చూసి నేర్చుకోవాలి. చదువుల విషయంలో అక్కడ ఏ కొత్త పథకం తేవాలన్నా ముందు ఆ పిల్లల పేరే తలుచుకుంటారు. చూపించిన నైవేద్యాన్ని దేవుడు తినడు గానీ, ఆయనకు చూపించకుండా మనం తినకూడదు కదా!

2006లో ఆ రాష్ట్రం వైకల్యం ఉన్న పిల్లలకు వోచర్లు ఇచ్చింది. ప్రభుత్వ బడి వద్దనుకుంటే ఆ బిడ్డ పేర ఖర్చయ్యే సొమ్మును ప్రైవేటు బడికి కట్టుకోవచ్చు. ప్రైవేటు, మత పాఠశాలలకు ప్రభుత్వ ధనం ఇవ్వరాదని రాష్ట్ర రాజ్యాంగంలో ఉందంటూ 2009లో అక్కడి సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది. శాసనకర్తలు కుంగిపోలేదు. 2011లో మళ్లీ ఆ పిల్లల పేరుతోనే మరో చట్టం చేసి, ఈసారి సొమ్మును తల్లిదండ్రుల ఖాతాలో వేశారు. అక్కడి నుంచి అది బడికే వెళ్లింది. కానీ దారి మారింది కనుక కోర్టులు ఒప్పుకున్నాయి.

ఆ తర్వాత వరస పెరిగింది. మార్కులు తగ్గిన బడుల పిల్లలు, సైనికుల పిల్లలు, ఆదివాసీలకు విడిగా కేటాయించిన ప్రాంతాల పిల్లలు వచ్చి చేరారు. అందరికీ అర్హత కల్పించే చట్టం 2018లో ఓటర్ల ముందుకు వస్తే దాదాపు 65 శాతం మంది వద్దన్నారు. ప్రజలన్నాక ఆవేశంలో ఏదో ఒకటి అంటారు. పెద్దమనసున్న శాసనసభ దాన్ని పట్టించుకోకుండా 2022లో అందరికీ ఇచ్చేసింది. ప్రభుత్వ బడుల నుంచి విముక్తి కల్పించే ఈ పథకానికి మొదట్లో దరఖాస్తు చేసిన కొత్తవారిలో నాలుగింట మూడు వంతుల మంది అసలు ప్రభుత్వ బడిలోనే లేరు. ఖైదు కాకముందే విడుదల చేయడం చరిత్రలో అరుదు.

అంతకుముందు 12,000 దగ్గర ఉన్న లబ్ధిదారులు రెండేళ్లలో 75,000 అయ్యారు. బిల్లుల్లో లెగో బొమ్మలు, పియానోలు, మంచుకొండల మీద స్కీయింగ్ పాసులు కూడా కనిపించాయి. దీన్ని తప్పుపట్టేవారికి భౌతికశాస్త్రం తెలియదు. వాలు మీద వస్తువు ఎంత వేగంగా జారుతుందో తెలుసుకోవడానికి స్వయంగా జారడాన్ని మించిన ప్రయోగం ఉందా?

ఇంతలో బడ్జెట్ లోటు వచ్చింది, హద్దుల మాటా వచ్చింది. 2024 ఆరంభంలో గవర్నర్ కేటీ హాబ్స్ కొన్ని షరతులు ప్రతిపాదించారు. వోచరు కావాలంటే ముందు 100 రోజులు ప్రభుత్వ బడిలో చదివి ఉండాలన్నారు. 500 డాలర్లు దాటిన కొనుగోళ్లను ఒక మనిషి చూసి ఆమోదించాలన్నారు. ఇవి ఎలాగో సహించవచ్చు. కానీ ఈ సొమ్ము పుచ్చుకునే ప్రైవేటు బడి, వైకల్యం ఉన్న బిడ్డకు విడిగా రాసిచ్చిన విద్యా ప్రణాళికలోని సేవలన్నీ అందించాలట! అంటే డబ్బుతో పాటు పిల్లవాడిని కూడా తీసుకోవాలన్నమాట. మాటలు రాని బిడ్డకు స్పీచ్ థెరపిస్టు, చక్రాల కుర్చీకి ర్యాంపు... ఇవన్నీ పెడితే అది బడి అవుతుంది గానీ ప్రైవేటు బడి ఎలా అవుతుంది? ఈ విపరీతాన్ని శాసనసభ ఆదిలోనే ఆపింది. వంద రోజుల షరతు కూడా దానితోపాటే పోయింది.

నేను హద్దులకు వ్యతిరేకిని కాను. సరైన చోట పెట్టిన హద్దు ఆ చట్టంలో మొదటి నుంచీ ఉంది. ఖాతా తెరిచే తల్లిదండ్రులు ఒక ఒప్పందం మీద సంతకం చేయాలి: తమ బిడ్డను చదివించే బాధ్యతలన్నిటి నుంచీ స్థానిక ప్రభుత్వ బడులను విముక్తం చేస్తున్నామని. వైకల్యం ఉన్న బిడ్డకు ప్రభుత్వ బడిలో తగిన చదువు ఉచితంగా అందాలని 1975 నాటి ఫెడరల్ (కేంద్ర) చట్టం ఇచ్చిన హక్కు, బిడ్డ ప్రైవేటు బడికి నడిచాక వెంట రాదు. తీవ్ర వైకల్యానికి సొమ్ము ఎక్కువే ఇస్తారు, ఆ మాట ఒప్పుకోవాలి. చేర్చుకునే బడిని వెతుక్కునే స్వేచ్ఛ తల్లిదండ్రులది, చేర్చుకోకపోయే స్వేచ్ఛ బడిది. ఇద్దరికీ సమానంగా పంచారు. అదే 1975 చట్టంలో, ప్రత్యేక విద్యకయ్యే అదనపు ఖర్చులో 40 శాతం దాకా భరిస్తామన్న వాషింగ్టన్ పెద్దలు ఆ అంకెను ఏనాడూ చేరలేదు. ఈమధ్య 15 శాతం లోపే ఆగుతున్నారు. దీన్ని పొదుపు అంటారు.

ఈ విద్యలో మనం ఎవరికీ తీసిపోము. వైకల్యం ఉన్న విద్యార్థులకు మన కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ప్రీమెట్రిక్ స్కాలర్‌షిప్ నియమాల ప్రకారం, ఒకే తల్లిదండ్రుల పిల్లల్లో ఇద్దరికి మించి ఇవ్వరు. రెండో కాన్పులో కవలలు పుడితే మినహాయింపు ఉంది. మూడో బిడ్డ మాత్రం వైకల్యంతో పుట్టే ముందు మార్గదర్శకాలు చదువుకోవలసింది. వైకల్యం 40 శాతం ఉండాలి. సర్టిఫికెట్టులో 39 అని పడితే ఖజానా దృష్టిలో ఆ బిడ్డ దిట్టంగా ఉన్నట్టే.

లోటు పూడ్చుకోవడానికి అరిజోనాకు ఈ నియమాన్ని మనం ఉచితంగా పంపవచ్చు. ఇంటికి ఇద్దరు వికలాంగులు చాలంటే అక్కడి శాసనసభ శ్రద్ధగా ఆలోచిస్తుందనే నా నమ్మకం. ఇంటికి రెండు లెగో పెట్టెలు చాలంటే మాత్రం తల్లిదండ్రుల స్వేచ్ఛకు భంగం కలుగుతుంది.