మిత్రునికి పంపుము

తొమ్మిదో తరగతి పిల్లల సాంకేతిక అక్షరాస్యతను కొలిచి సాయంత్రం ఐదింటిలోగా ఆన్‌లైన్‌లో ఎక్కించాలని మధ్యాహ్న భోజనాల వేళ ఉత్తర్వు వచ్చింది. గ్రామీణ పిల్లల చదువుల స్థాయిని కొలిచే అసర్ అనే సర్వేలో 2023లో 14 నుంచి 18 ఏళ్ల వారికి పెట్టిన పనులనే, అంటే అలారం పెట్టడం, నెట్‌లో సమాచారం వెతకడం, గూగుల్ మ్యాప్స్‌లో ప్రయాణ సమయం చూడడం, యూట్యూబ్ వీడియో వెతికి మిత్రునికి పంపడం, యథాతథంగా మా మీదకు దించారు. ఆ సర్వేవారు ఫోను తెచ్చుకోమని పిల్లలకే చెప్పారు. మా బడిలోకి పిల్లలు ఫోను తేవడం నిషేధం, కంప్యూటర్ గది తాళం ఇన్‌ఛార్జి జేబులో ఉంది, ఆయన శిక్షణకు వెళ్లారు. కొలత భారమంతా నా సొంత ఫోను మీద పడింది.

మొదటి మూడు పనులూ ఎలాగో గడిచాయి. నాలుగో పని దగ్గర ఒక కుర్రవాడు "ఎవరికి పంపమంటారు సార్?" అని వినయంగా అడిగాడు. ఫోను నాదైనప్పుడు మిత్రులూ నావాళ్లే అవుతారన్న సంగతి ఆ పత్రం తయారుచేసిన పండితులకు తట్టలేదు. "ఎవరికో ఒకరికి పంపరా" అన్నాను. వాడు వరసలో అన్నిటికంటే పైనున్న మండల ఉపాధ్యాయుల గ్రూపుకు, పందెం పుంజుకు చెరువులో ఈత నేర్పే వీడియోను పంపించాడు. సంక్రాంతి ముందు గోదావరి జిల్లాలో ఆ వయసు పిల్లవాడు బహుపదుల పాఠం వెతుకుతాడనుకోవడం అత్యాశ.

మా గ్రూపులో ఏది కనబడినా, తెరిచి చూడకుండానే, ఉత్తర్వు కిందే లెక్క. నేను ఫోను అందుకునేలోపే ఒక ప్రధానోపాధ్యాయుడు "నోటెడ్ సర్" అన్నారు. ఆ వెనుక మండలమంతా నోట్ చేసుకుంది. ఒకావిడ "ఏయే తరగతులకు సర్?" అని అడిగారు. మరో బడివారు "మా పాఠశాలలో సదరు కార్యక్రమం విజయవంతంగా పూర్తయినది" అని పెట్టేశారు. "అందరికీ పోయేలా తీసేయనా సార్?" అన్నాడు కుర్రవాడు. పూర్తయిన కార్యక్రమాన్ని తీసేయడం ఎలా? పైగా వాడికి మార్కు వెయ్యాలి. పత్రంలో "అవును", "కాదు" అన్న రెండు గడులే ఉన్నాయి గాని, మిత్రునికి బదులు మండలానికే పంపిన ప్రతిభకు గడి లేదు.

అంతలో అధికారి గారి సందేశం వచ్చింది: "ఈ వీడియో ఏ పాఠ్యాంశానికి సంబంధించినదో వివరణ ఇవ్వగలరు. రేపు ఉదయం పదింటిలోగా, కాగితం మీద, రెండు ప్రతులు."