చక్కెర మానేస్తే కణితి పస్తుంటుందా?

విశాఖలోని కేజీహెచ్‌కు, అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి ఉత్తరాంధ్ర పల్లెల నుంచి వచ్చే కుటుంబాల్లో ఒక నమ్మకం గట్టిగా నాటుకుపోయింది. క్యాన్సర్‌కు చక్కెరే మేత అనీ, దాన్ని మానేస్తే కణితి దానంతటదే మాడిపోతుందనీ చెప్పే సందేశాలు ఫోన్లలో తిరుగుతుంటాయి. జబ్బు మనిషికి పథ్యం పెట్టడం మనకు తరతరాల అలవాటు కాబట్టి ఆ మాట వెంటనే ఇంట్లో అమలవుతుంది. మొదట టీలో పంచదార ఆగిపోతుంది, తరువాత చోడి (రాగి) అంబలిలో బెల్లం, ఆపైన అరటిపండు, చివరకు అన్నం. కీమోథెరపీతో నోరు పూసి నాలుగు ముద్దలు దిగడమే కష్టమైన మనిషికి ఆ నాలుగు ముద్దలూ దక్కకుండా చేస్తున్నది ఆ మనిషి బతకాలని కోరుకునే వాళ్లే. అందుకే ఈ నమ్మకంలో శాస్త్రం ఎంతవరకు ఉందో ఓపికగా చూడాలి.

1920లలో జర్మన్ శాస్త్రవేత్త ఓటో వార్‌బర్గ్ కణితి కణాలు గ్లూకోజ్‌ను విపరీతంగా లాగేసుకుంటున్నాయనీ, ఆక్సిజన్ అందుబాటులో ఉన్నా దాన్ని పూర్తిగా వినియోగించకుండా లాక్టిక్ ఆమ్లంగా మార్చి బయటకు వదిలేస్తున్నాయనీ గుర్తించాడు. ఒక గ్లూకోజ్ అణువు కణంలోని శక్తి కేంద్రాలైన మైటోకాండ్రియాలో పూర్తిగా దహనమైతే, కణం శక్తిని ఖర్చుపెట్టే నాణెం లాంటి ఏటీపీ అణువులు సుమారు 30 వస్తాయి. లాక్టిక్ ఆమ్లం దగ్గరే ఆగిపోతే వచ్చేది 2 మాత్రమే. ఇంత నష్టానికి కణం ఎందుకు ఒప్పుకుంటుంది? మైటోకాండ్రియా చెడిపోవడమే కారణమని వార్‌బర్గ్ అనుకున్నాడు. చాలా రకాల క్యాన్సర్లలో అవి చక్కగా పనిచేస్తూనే ఉంటాయని తరువాతి పరిశోధనలు తేల్చాయి. విభజన చెందే కణానికి శక్తి ఒక్కటే చాలదు, కొత్త కణానికి కావలసిన డీఎన్ఏ, పొరలు, ప్రొటీన్లు కూడా తయారు కావాలి. ఇల్లు కట్టుకునే మనిషి కలపనంతా పొయ్యిలో పెట్టక దూలాలకు దాచుకున్నట్టు, కణం గ్లూకోజ్‌లోని కర్బనంలో కొంత భాగాన్ని నిర్మాణానికి మళ్లిస్తుంది.

క్యాన్సర్ ఎక్కడుందో వెతికే పెట్ స్కాన్ ఈ గ్లూకోజ్ ఆకలి మీదే ఆధారపడింది. రోగిని కొన్ని గంటలు పరగడుపున ఉంచి, రేడియోధార్మిక ఫ్లోరిన్ జోడించిన గ్లూకోజ్ వంటి పదార్థాన్ని నరంలోకి ఎక్కించి, సుమారు గంటసేపు కదలకుండా పడుకోబెట్టి చిత్రం తీస్తారు. గ్లూకోజ్‌ను ఎక్కువగా పీల్చుకునే కణితి అందులో మెరుస్తూ కనబడుతుంది. ఆ చిత్రం చూసిన బంధువులకు చక్కెర సిద్ధాంతం రుజువైపోయినట్టే అనిపిస్తుంది. కానీ అదే చిత్రంలో మెదడు కూడా ప్రకాశంగా మెరుస్తుంది, అంటే గ్లూకోజ్ కణితి ఒక్కదాని మేత కాదు.

తినడం మానేసినంత మాత్రాన రక్తంలో గ్లూకోజ్ అయిపోదు. మెదడుకు రోజుకు సుమారు 120 గ్రాములు కావాలి కాబట్టి, కాలేయం ముందు తన నిల్వలను కరిగించి, అవి చాలనప్పుడు కండరాల ప్రొటీన్ల నుంచి గ్లూకోజ్‌ను తయారుచేస్తుంది. అంటే పస్తులుంచితే కరిగేది రోగి కండ, దాని నుంచి పుట్టిన గ్లూకోజ్‌లో వాటా మళ్లీ కణితికే. పైగా కణితి వదిలిన లాక్టిక్ ఆమ్లాన్ని కాలేయం తిరిగి గ్లూకోజ్‌గా మార్చాలంటే 6 ఏటీపీల ఖర్చవుతుంది. కణితికి దక్కింది 2, శరీరం చెల్లించింది 6. ముదిరిన క్యాన్సర్‌లో మనిషి చిక్కి శల్యమవడానికి ఉన్న అనేక కారణాల్లో ఇదొకటి. బరువు పడిపోయిన రోగి కీమోథెరపీని తట్టుకోలేడు, మోతాదు తగ్గించాల్సో వాయిదా వేయాల్సో వస్తుంది.

ఇక కణితికి గ్లూకోజ్ ఒక్కటే ఆధారం కాదు. గ్లూటమిన్ అనే అమైనో ఆమ్లాన్ని, కొవ్వులను, కొన్ని సందర్భాల్లో పక్క కణాలు వదిలిన లాక్టిక్ ఆమ్లాన్ని కూడా వాడుకుంటుంది. ఆక్సిజన్ తగ్గితే కొత్త రక్తనాళాలను రప్పించుకుంటుంది. ఇన్ని దారులున్న దాన్ని వంటింట్లో ఒక డబ్బా మూసి ఆపలేం.

అయితే కణితికి సరఫరా ఆపాలన్న ఆలోచన తప్పు కాదు, దాన్ని నిజం చేసి చూపిన వారిలో మన తెలుగువాడున్నాడు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1920లలో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, ఏటీపీని గుర్తించారు. కణం తన శక్తిని ఏ రూపంలో ఖర్చు పెడుతుందో తెలిపిన పరిశోధన అది. తరువాత లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని, దానికి అడ్డుపడే మందులను తయారుచేసింది. డీఎన్ఏ నిర్మాణానికి ఫోలేట్ (ఫోలిక్ ఆమ్లపు సహజ రూపం) తప్పనిసరి. ఆ బృందం తయారుచేసిన అలాంటి అడ్డుపడే మందు అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ ఉన్న 16 మంది పిల్లలకు ఇవ్వగా, 10 మందిలో తాత్కాలికంగానైనా స్పష్టమైన మెరుగుదల కనిపించిందని 1948లో ప్రచురించాడు. అదే ఏడాది సుబ్బారావు మరణించారు. ఆ కోవకే చెందిన మెథోట్రెక్సేట్ ఈనాటికీ పిల్లల రక్త క్యాన్సర్ చికిత్సలో ఉంది. దానితోపాటే ఇచ్చే ఆస్పరాజినేజ్ రక్తంలోని ఆస్పరాజిన్ అనే అమైనో ఆమ్లాన్ని తొలగిస్తుంది. ఆరోగ్యకరమైన కణాలు దాన్ని సొంతంగా తయారుచేసుకోగలవు, ఆ క్యాన్సర్ కణాలు తగినంత చేసుకోలేవు. క్యాన్సర్ కణం ప్రత్యేకంగా ఆధారపడిన వస్తువేదో కనిపెట్టి దాన్ని తుంచడం వేరు, మనిషికి మొత్తంగా తిండి తగ్గించడం వేరు.

చక్కెర ఎంత తిన్నా ఫరవాలేదని దీని అర్థం కాదు. మధుమేహం ఉన్నవారు చికిత్సా కాలంలోనూ దాన్ని అదుపులో ఉంచుకోవాలి. స్థూలకాయం కొన్ని రకాల క్యాన్సర్ల ముప్పును పెంచుతుందన్నదీ నిజమే. ఉపవాసాల మీద, పిండిపదార్థాలు తగ్గించిన ఆహారం మీద పరిశోధనలు జరుగుతున్నాయి గానీ, అవి వైద్యుల కనుసన్నల్లో చేసే పరీక్షలు.

మన తీరంలో అడ్డపొగ (చుట్ట కాలే కొసను నోట్లో పెట్టుకుని) తాగే అలవాటు వల్ల అంగిలి క్యాన్సర్ బారిన పడే మహిళలున్నారు. నమలడమే నరకమైన వారికి పథ్యం పేరిట ఇంకా కోత పెట్టడాన్ని ఆసుపత్రులు చూస్తూ ఊరుకోకూడదు. డిశ్చార్జి కాగితంతోపాటు ఏం తినాలో తెలుగులో రాసిన ఒక పేజీ ఇవ్వాలి. మెత్తగా వండిన అన్నం, పప్పు, గుడ్డు, పాలు, చేప, బెల్లం వేసిన చోడి అంబలి, ఎవరికి ఏది పనికొస్తుందో అందులో ఉండాలి. ప్రతి కీమోకూ ముందు బరువు తూచి, తగ్గుదల కనిపిస్తే ఇంట్లో ఏమేం మాన్పించారని సహాయకులను ఆ రోజే అడగాలి.