పరిధిలోనే ఉన్నారు, కంగారు పడకండి

బ్రిటన్‌లో ప్రభుత్వం నడిపే జాతీయ ఆరోగ్య సేవలో బైపాస్ ఆపరేషన్ల లెక్కలు తిరగేస్తే ఒక మాట పదే పదే తగులుతుంది: ఫలితాలు అంచనా పరిధిలోనే ఉన్నాయి. ఎంత చల్లని మాట! పరీక్ష తప్పిన కొడుకు కూడా "నా మార్కులు అంచనా పరిధిలోనే ఉన్నాయి నాన్నా" అంటే ఇకమీదట ఒప్పుకోక తప్పదు.

ఆ పరిధిని గరాటు ఆకారంలో గీస్తారు. ఒక్కో ఆస్పత్రికి ఒక్కో చుక్క. గరాటు లోపల ఉంటే క్షేమం, బయటపడితే విచారణ. చుక్కను నిలబెట్టేది యూరోస్కోర్ అనే పద్దు. రోగి వయసు, కిడ్నీలు, ఊపిరితిత్తులు, ఇదివరకు ఛాతీ తెరిచారా, కేసు అత్యవసరమా, అన్నీ కలిపి ఇతను పోయే అవకాశం ఇంత అని చెబుతుంది. నిజంగా పోయినవాళ్లని ఆ అంచనాతో పోలుస్తారు. 1999 నాటి పాత పద్దు చావుల్ని మరీ ఎక్కువగా ఊహించడంతో కొన్నేళ్లపాటు అందరూ మొనగాళ్లే అయ్యారు. 2012లో కొత్తది వచ్చాక కొంచెం నేలకు దిగారు.

ఈ గరాటు తలుచుకుంటే నాకు ఒకే సీను కనబడుతుంది. సర్జన్ గారి బల్ల మీదికి ఫైళ్లు వస్తుంటాయి.

"79 ఏళ్లు, సార్."

"పెద్దాయన్ని ఈ వయసులో ఇబ్బంది పెట్టడమెందుకు? మందులు రాద్దాం."

"ఈవిడకి కిడ్నీలు సగం పోయాయి."

"పాపం. మందులే."

"ఈయనకి ఇదివరకే ఒకసారి బైపాస్ అయింది."

"ఒకసారి అయిందిగా, ఇంకా ఆశేమిటి?"

ఆఖరికి 42 ఏళ్ల మనిషి. సిగరెట్ ముట్టడు, రోజూ పరిగెడతాడు, రక్తనాళాలు అద్దంలా ఉన్నాయి. సర్జన్ గారి మొహం వెలిగిపోతుంది. "ఇతనెందుకొచ్చాడు?"

"భార్యని దింపడానికొచ్చాడు, సార్."

"థియేటర్ సిద్ధం చేయండి!"

అందరు సర్జన్లూ ఇలాంటివాళ్లని నేననను. అర్ధరాత్రి లేచొచ్చి చివరి ఊపిరి మీదున్నవాడి ఛాతీ తెరిచేవాళ్లూ వాళ్లలోనే ఉన్నారు. వాళ్ల ఆస్పత్రి చుక్కకే ముప్పు. కత్తి వదలడం ఇష్టం లేనివాడికి పెన్ను ఉండనే ఉంది. అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రం 1989లో ఇలాంటి లెక్కలు మొదలుపెట్టాక బైపాస్ రోగుల ఫారాల్లో ఊపిరితిత్తుల జబ్బు అమాంతం పెరిగింది. గాలి మారలేదు, టిక్కులు పెరిగాయి.

అసలు లెక్కలు బయటపెట్టడమే వద్దంటారా అంటే, వద్దనను. లెక్క లేకపోతే ఏమవుతుందో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ ఆస్పత్రి చూపించింది. అక్కడ పసిపిల్లల గుండె ఆపరేషన్లలో చావులు ఎక్కువగా ఉన్నాయని మత్తు డాక్టర్ స్టీఫెన్ బోల్సిన్ ఏళ్ల తరబడి మొత్తుకున్నాడు. చివరికి ఆయనే దేశం వదిలి ఆస్ట్రేలియా వెళ్లిపోయాడు. 1991-95 మధ్య ఏడాది నిండని పిల్లలు ఉండాల్సినదానికన్నా 30 నుంచి 35 మంది ఎక్కువగా చనిపోయారని 2001లో విచారణ సంఘం తేల్చింది. ఆ పిల్లల పుణ్యమా అని లెక్కలు బయటికొచ్చాయి. ఇప్పుడు బైపాస్ చేయించుకున్నవాళ్లలో ఆస్పత్రిలో చనిపోయేది నూటికి సుమారు ఇద్దరే. మంచిదే, చప్పట్లు కొడతాను.

కానీ నూటికి ఎవరిలో? బల్ల ఎక్కినవాళ్లలో. బల్ల దాకా రాలేకపోయినవాళ్ల సంగతి? ఇంగ్లండ్‌లో నూటికి 92 మందికి 18 వారాల్లోపు చికిత్స మొదలవ్వాలని ఆరోగ్య సేవవాళ్లే రాసుకున్నారు. 2016 నుంచి ఆ మాట నిలబెట్టుకున్నది లేదు. ఆ క్యూలో గుండె ఆగినవాడు ఏ సర్జన్ లెక్కలోనూ పడడు. కత్తి తగల్లేదు, కాబట్టి ఎవరూ చంపలేదు! ఇంత సిగ్గులేని లెక్క ఉంటుందా? మెట్లెక్కలేక మధ్యలో గోడ పట్టుకుని నిలబడ్డ మనిషిని నెలల తరబడి ఆగమని, అతను పోయాక మా ఫలితాలు బాగున్నాయని గ్రాఫ్ గీస్తారా? అతను ఆ గరాటుకి లోపల ఉన్నట్టా, బయట ఉన్నట్టా? అతనికసలు చుక్కే లేదు.

ఉత్తరం మాత్రం ఉంటుంది. ఆపరేషన్ తేదీ ఖరారైందని, ముందురోజు రాత్రి నుంచి ఏమీ తినొద్దని. కింద చిన్న అక్షరాల్లో ఇంకో లైను: రాలేకపోతే ముందుగా తెలియజేయండి, మీ చోటు వేరొకరికి ఇస్తాం.