మోడిగ్లియానికి శిల్పం పక్కదారి కాదు
ఇటలీ చిత్రకారుడు మోడిగ్లియానిపై వచ్చిన వ్యాసం చదివాను. ఆయన జీవితంలో శిల్పం కొన్నేళ్ల సరదా మాత్రమేనని, అసలు ప్రతిభంతా చిత్రాల్లోనే ఉందని వ్యాసకర్త రాశారు. నేను ఒప్పుకోలేను. 1909లో రొమేనియా శిల్పి బ్రాంకూసీతో పరిచయమైన తరువాత సుమారు 1914 వరకు మోడిగ్లియాని తనను ముందుగా శిల్పిగానే భావించుకున్నాడు. మట్టితో మలిచి పోతపోయించడం నచ్చక నేరుగా సున్నపురాయినే చెక్కాడు. 1912లో పారిస్ శరత్కాల ప్రదర్శనలో తన రాతి తలలను విడివిడిగా కాక ఒకే సమూహంగా పెట్టాడు. సరదాకు చేసే పనిలో అంత ఆలోచన ఉంటుందా? లండన్ టేట్ మ్యూజియంలో ఆ తలల్లో ఒకటి చూశాను. సన్నగా సాగిన ముఖం, పొడవాటి ముక్కు, బాగా చిన్న నోరు. దాని ముందు నిలబడితే ఈజిప్టు, ఆఫ్రికా శిల్పాలను, కంబోడియాలోని ఆంకోర్ ఆలయాల శిల్పాలను ఆయన ఎంత శ్రద్ధగా చూశాడో తెలిసిపోతుంది. ఇక 1917 తరువాత గీసిన తన సహచరి జాన్ ఎబ్యుతెర్న్ చిత్రాలు చూడండి: అదే ముక్కు, అదే పొడవాటి మెడ, చాలాచోట్ల కనుపాపలు లేని అవే బాదం కళ్లు. ఆ రాతి తలలే లేకపోతే ఈ ముఖాలు ఇలా ఉండేవి కావని నా గట్టి నమ్మకం. రాయి ఖరీదు, మొదటి ప్రపంచ యుద్ధం, అన్నిటికీ మించి చిన్న వయసులోనే క్షయ సోకిన ఊపిరితిత్తులకు పడని రాతిపొడి, ఇవన్నీ కలిసి ఆయన చేత ఉలి వదిలించాయి. ఆసక్తి తగ్గి మానేశాడనడం అన్యాయం. 35 ఏళ్లకే పోయిన మనిషి గురించి రాస్తూ తాగుడు కథలకు అంత చోటిచ్చి, ఆ శిల్పాలను ఒక్క వాక్యంతో సరిపెట్టడం నాకు బాధ కలిగించింది.