పిట్ట కొంచెం, తన్ను ఘనం

‘పిట్ట కొంచెం, కూత ఘనం. ప్రతి ఆడపడుచు సంచిలో ఒక చిన్న తుపాకీ ఉండాలి’ అనే సందేశాన్ని బెంగళూరులోని మారతహళ్లి మిత్రులు పంపారు, వైట్‌ఫీల్డ్ బంధువులు పంపారు. మా అపార్ట్‌మెంటు తెలుగు బృందంలోనైతే రాత్రి షిఫ్టులకు వెళ్లే అమ్మాయిల తండ్రులు దానికి దండాలు పెడుతున్నారు. ఆ తండ్రుల భయాన్ని నేను తప్పు పట్టను. ఆ భయాన్ని ఆసరా చేసుకుని రాసిన మాటలనే తప్పు పడతాను. సందేశంలోని సూత్రాలను ఒక్కొక్కటిగా చూద్దాం.

‘చిన్న తుపాకీ తేలిక, అందుకే ఎవరైనా సులువుగా కాల్చగలరు.’ మోయడం సులువు, కాల్చడం కాదు. ఒకే తూటాను సగం బరువున్న తుపాకీతో పేలిస్తే అది దాదాపు రెట్టింపు వేగంతో వెనక్కి తన్నుతుంది. గొట్టం కురచైతే గురి చూసే ముందు సైటుకీ వెనక సైటుకీ మధ్య దూరం తగ్గి, చేతిలో జరిగే చిన్న పొరపాటే గురిలో పెద్దదవుతుంది. పిడి మీద చిటికెన వేలికి చోటుండదు. తుపాకిమందు పూర్తిగా మండకముందే తూటా బయటపడుతుంది కాబట్టి మెరుపూ మోతా ఎక్కువ. కూత ఘనమన్న మాట ఒక్కటి మాత్రం అక్షరాలా నిజం. చిన్నతనం వల్ల వచ్చే లాభమంతా దాచుకోవడంలో, నష్టమంతా కాల్చడంలో.

‘మహిళల కోసం ప్రభుత్వమే నిర్భీక్ రివాల్వరు తయారుచేసింది, దరఖాస్తు పెడితే ఇస్తారు.’ తయారుచేసిన మాట నిజమే. 2014లో కాన్పూరు ఆయుధ కర్మాగారం తెచ్చింది, .32 బోరు (గొట్టం లోపలి వెడల్పు), బరువు సుమారు 500 గ్రాములు, అప్పటి ధర 1.22 లక్షల రూపాయలు. కానీ ఇచ్చేది కర్మాగారం కాదు. బెంగళూరులో లైసెన్సు పోలీసు కమిషనర్ చేతిలో ఉంటుంది. ప్రాణభయానికి తగిన కారణం చూపాలి, విచారణ జరగాలి, శిక్షణ ధ్రువపత్రం ఉండాలి. ఇంతకీ సందేశంలో పెట్టిన బొమ్మ 9 ఎంఎం పిస్టల్ గ్లాక్‌ది. మామూలు పౌరులకు ఆ బోరే నిషిద్ధం!

‘కొడగువాళ్లకు లైసెన్సే అక్కర్లేదు, మనదీ కర్ణాటకే కదా.’ ఆ మినహాయింపు కొడగు జిల్లాకు చెందిన కొడవ జాతివారికీ, అక్కడి వంశపారంపర్య జమ్మా భూములవారికీ. 2029 వరకు పొడిగించారు. మారతహళ్లిలో ఫ్లాటు కొన్నంత మాత్రాన ఎవరూ కొడవలు అయిపోరు. లైసెన్సు లేకుండా ఉంచుకుంటే 2019 సవరణ తర్వాత కనీస శిక్ష రెండేళ్ల జైలు.

‘ఆటోమేటిక్ పిస్టల్ కంటే రివాల్వరే నమ్మదగినది.’ దీనికి ఒప్పుకుంటాను. నెలల తరబడి సొరుగులో పడి ఉన్నా పనిచేసే అవకాశం ఎక్కువ, ఒక తూటా పేలకపోతే మళ్లీ ట్రిగ్గర్ నొక్కితే తరవాతిది వస్తుంది. సందేశం రాసినవారికి ఒక్క విషయమైనా తెలుసు.

అసలు మంట పుట్టించింది ఐదో సూత్రం: ‘తూటాలు నింపిన తుపాకీనే హ్యాండ్‌బ్యాగులో ఉంచండి, ట్రిగ్గర్ గట్టిగా ఉంటుంది కాబట్టి పిల్లలు నొక్కలేరు.’ మొదటి సూత్రంలో ఎవరైనా సులువుగా కాల్చే తుపాకీ, ఐదోదానికి వచ్చేసరికి ఎవరూ కాల్చలేనిదైపోయింది. పసివాళ్లు ఒక వేలితో నొక్కరు, పిడిని తిప్పి పట్టుకుని రెండు బొటనవేళ్లతో నొక్కగలరు. అప్పుడు గొట్టం ఎటు చూస్తుందో ఆలోచించండి. 2014 డిసెంబరులో అమెరికాలోని ఐడహోలో ఒక తల్లి దుకాణంలో సరుకులు చూస్తుండగా, బండిలో కూర్చున్న రెండేళ్ల కొడుకు ఆమె పర్సులోని చిన్న తుపాకీ తీసి పేల్చాడు. తల్లి అక్కడికక్కడే చనిపోయింది. ఆ పర్సు తుపాకీ దాచుకోవడానికి ప్రత్యేకంగా అర పెట్టి తయారుచేసినదే. ఇక మన బ్యాగులో తాళాలూ దువ్వెనా బిస్కెట్ పొట్లమూ ఛార్జరూ ఉంటాయి. బ్యాగు కుర్చీకి తగిలిస్తాం, ఆటోలో మరిచిపోతాం, ‘అమ్మా, చాక్లెట్ ఉందా’ అంటే ‘చూసుకో నాన్నా’ అని పిల్లల చేతికే ఇస్తాం. దొంగ లాక్కునేదీ ముందుగా ఆ బ్యాగునే. అంటే లక్ష రూపాయల ఆయుధాన్ని జిప్పు వేసి మరీ దొంగకు అందిస్తున్నామన్న మాట.

పోనీ, లాక్కోలేదనుకుందాం. 1983లో డెనిస్ ట్యూలర్ అనే అమెరికన్ పోలీసు అధికారి చూపినదాని ప్రకారం, కత్తి పట్టుకున్న మనిషి 21 అడుగుల దూరాన్ని ఒకటిన్నర సెకనులో దాటేస్తాడు. ఒరలోంచి తీసే పోలీసుకే ఆ సమయం చాలీచాలదు. దువ్వెన కిందనుంచి వెతికి తీసేవారి సంగతి చెప్పాలా?

‘ఆత్మరక్షణకు కాలిస్తే కేసే ఉండదు.’ ఉంటుంది. భారతీయ న్యాయ సంహిత ఆ హక్కు ఇచ్చింది, అవసరానికి మించి హాని చేయకూడదనీ చెప్పింది. ఆత్మరక్షణ కోసమేనని నిరూపించుకోవాల్సిన భారం కాల్చినవారిదే.

పిడి గులాబీరంగులో దొరుకుతుందన్న సూత్రానికి జవాబు ఇవ్వను.

‘ఇంట్లో ఉంటే ఏడాది పొడవునా నిశ్చింత’ అన్నది చివరిది. ఎన్నికల నోటిఫికేషన్ రాగానే లైసెన్సు ఉన్నవారిని సాధారణంగా తుపాకీని పోలీసు స్టేషన్‌లో అప్పగించమంటారు. రసీదు ఇస్తారు. ఫలితాలు వచ్చేదాకా దొంగకు ఆ రసీదు చూపించుకోవచ్చు.