ట్యాంకును నీళ్లతో కడిగితే పెట్రోలు పోతుందా?

"మూలనపడ్డ పాత బండిని ఒక్కరోజులో నడిపించే ఆరు చిట్కాలు" అన్న మెసేజ్ నాకు ఈ వారంలో నాలుగోసారి వచ్చింది. పంపినవాళ్లంతా పాత బళ్లంటే ప్రాణం పెట్టేవాళ్లే. నా భయం ఆ ప్రాణం గురించే.

మొదటిది: ప్లగ్ తీసి కాస్త పెట్రోలు పోసి, స్టార్టయ్యేదాకా కిక్ కొట్టాలట. ఏళ్లుగా కదలని ఇంజన్లో పిస్టన్ రింగులు సిలిండర్‌కు తుప్పుతో పట్టేసి ఉండొచ్చు. పెట్రోలు పోస్తే మిగిలున్న నూనె పొర కూడా కడుక్కుపోతుంది. దాని బదులు 10–15 మిల్లీలీటర్ల ఇంజన్ ఆయిల్ పోసి ఒకట్రెండు రోజులు వదిలేయండి. తర్వాత టాప్ గేర్ వేసి, వెనకచక్రాన్ని చేత్తో ముందుకూ వెనక్కూ మెల్లగా ఆడించండి. పిస్టన్ కదిలిందా, పాత ఆయిల్ దించి కొత్తది పోసి, ప్లగ్ పెట్టకుండానే ఓ ఇరవై కిక్కులు కొట్టండి. కదల్లేదా, సిలిండర్ హెడ్ విప్పాల్సిందే. పదేళ్లు ఆగిన బండి ఇంకో రెండ్రోజులు ఆగదా?

టూ-స్ట్రోక్ బండి పెట్రోలులో కలిపే ఆయిల్ ఎంత ఎక్కువైతే అంత మంచిదన్నది రెండోది. పొగ బయటికెళ్లే ఎగ్జాస్ట్ పోర్టు నిండా మసి, ప్లగ్ తడి తప్ప ఒరిగేదేమీ లేదు. మూడోది, పికప్ కోసం కార్బురేటర్‌లో పెట్రోలు వచ్చే మెయిన్ జెట్‌ను పెద్దది వేయమనడం. పికప్ సంగతేమో గానీ పెట్రోలు మాత్రం బాగా తాగుతుంది. నాలుగోది కారు ఆయిల్: క్లచ్ ప్లేట్లు ఇంజన్ ఆయిల్లోనే తిరిగే బండికి డబ్బా మీద జాసో ఎంఏ అని ఉన్నదే పోయండి, లేకపోతే క్లచ్ జారే ప్రమాదం ఉంది.

ఇక ఐదోది. "ట్యాంకు కారుతుంటే నీళ్లతో రెండుసార్లు కడిగి ఎండబెట్టి గ్యాస్ వెల్డింగ్ చేయించండి." ఇది రాసినాయన ఆ వెల్డింగ్ జరిగేటప్పుడు పక్కనే నిలబడి చూపిస్తే బాగుండును.

పెట్రోలు నీళ్లలో కరగదు. అంచుల మడతల్లో, అడుగున గట్టిపడ్డ జిగురు కింద అది దాక్కునే ఉంటుంది. ఎండకు పైతడి ఆరుతుంది, మంట తగలగానే ఆ దాక్కున్నది ఆవిరవుతుంది. గాలిలో పెట్రోలు ఆవిరి సుమారు ఒకటిన్నర నుంచి ఏడున్నర శాతం మధ్య ఉంటే పేలుతుంది. 15 లీటర్ల ట్యాంకును ఆ స్థితికి తేవడానికి చిన్న చెంచాడు పెట్రోలు చాలు. అంచులదాకా పెట్రోలున్న ట్యాంకులో గాలికి చోటుండదు, ఖాళీ ట్యాంకులో పేలడానికి కావలసినంత గాలి ఉంటుంది. "ఖాళీదే కదా" అనుకోవడంలోనే ఉంది చిక్కంతా.

చేయాలంటే మూతా, పెట్రోలు కుళాయీ (కాక్) విప్పేసి, డిటర్జెంట్ కలిపిన మరిగే నీళ్లతో పదేపదే కడగాలి. చిల్లు పైకొచ్చేలా ట్యాంకును తిప్పి, ఆ చోటు తప్ప మిగతాదంతా నీళ్లతో నింపాలి. అదీ ట్యాంకుల పని తెలిసిన వెల్డరే చేయాలి. సూదిమొన చిల్లుకైతే మంటే అక్కర్లేదు, పెద్ద కరెంటు సోల్డరింగ్ ఐరన్‌తో సీసం పెట్టొచ్చు. అయితే ట్యాంకును కడగడంలో మాత్రం ఏ తగ్గింపూ లేదు. లోపల తుప్పుందా, లీటరు నీళ్లకు 50–100 గ్రాముల సిట్రిక్ యాసిడ్ కలిపి ఒక రోజు ఉంచి, తర్వాత వంటసోడా నీళ్లతో కడిగి వెంటనే వేడిగాలితో ఆరబెట్టండి. ఆలస్యమైతే గంటలోనే మళ్లీ ఎర్రబడుతుంది. ఒక చిల్లు పడిందంటే చుట్టూ రేకు పలచబడిందనే అర్థం, వేలితో నొక్కి చూడండి.

ఆరోది చైన్‌ను కిరోసిన్‌తో కడగమనడం. దీన్నీ ఏకిపారేద్దామనే కూర్చున్నాను, కానీ ఇది నిజమే. లింకుల మధ్య రబ్బరు రింగులుండే ఓ-రింగ్ చైన్‌కైనా పరవాలేదు. మెత్తని బ్రష్‌తో రుద్ది, తుడిచి, ఆరాక లోపలివైపు నుంచి గేర్ ఆయిల్ రాయండి. "ఇంజన్ ఆన్ చేసి గేర్లో పెడితే చైన్ దానంతటదే తిరుగుతుంది, గుడ్డ పట్టుకుంటే చాలు" అన్న కొసరు ముక్కను మాత్రం చెరిపేయండి. గుడ్డతోపాటు వేలు కూడా స్ప్రాకెట్‌లోకి పోతుంది.