పరుల సొమ్ము పాలించుట ఎట్లు?

పరుల సొమ్ము పాము అన్నారు పెద్దలు. ఆ పాముల్ని బుట్టలకొద్దీ ఆడించే వృత్తికే, అంటే జనం డబ్బును షేర్లలాంటి వాటిలో పెట్టి పెంచే పనికే, అసెట్ మేనేజ్‌మెంట్ అని పేరు. డిగ్రీ ఇంకా చేతికి రాని కుర్రకారు ఈ కొలువు ఇంటర్వ్యూలకు సిద్ధపడే తీరు చూశాక, దాన్నొక శాస్త్రంగా కూర్చి భావితరాలకు అందించడం మా ధర్మమని తోచింది.

"ఒక షేరు చెప్పండి, ఎందుకు కొనాలో చెప్పండి." ఈ ప్రశ్న తప్పదు. కాబట్టి మీ జేబులో ఉన్న ఫోను ఏ కంపెనీదో ఆ షేరే చెప్పండి. మీకు ముందు వచ్చిన నలుగురూ అదే చెప్పి ఉంటారు గనక వినేవారికి శ్రమ ఉండదు. ఇంతమంది అనలిస్టులు రోజూ తవ్వుతున్న చోట ఎవరికీ దొరకనిది మీకు రెండు రాత్రుల్లో ఎలా దొరికిందని అడిగితే, "బ్రాండ్ బలమైనదండీ" అనండి. ఎవరి కంటా పడని ఓ మధ్యరకం కంపెనీని పట్టుకుని, దాని సరుకు ఎవరు కొంటున్నారు, రేటు పెంచితే మానేస్తారా అని కూపీ లాగే అభ్యర్థులూ కొందరుంటారు. పాపం, వాళ్ళ సెలవులన్నీ దానికే సరి.

షేరు గురించి చెప్పడానికి ఇచ్చేది మహా అయితే రెండు నిమిషాలు. కొనాలా అమ్మాలా, ఇప్పటి ధర ఎంత, ఎన్నాళ్ళలో ఎంతకు చేరుతుంది, మార్కెట్ ఎక్కడ పొరబడింది, ఆ పొరపాటు దేనితో బయటపడుతుంది, ఏం జరిగితే మన లెక్క తప్పినట్టు... ఇదంతా పాత పద్ధతి. కొత్త పద్ధతిలో కంపెనీ పుట్టిన సంవత్సరంతో మొదలుపెట్టాలి. వ్యవస్థాపకుడి బాల్యం పూర్తయ్యేసరికి సమయం అయిపోతుంది. ధర ప్రస్తావనే రాదు, ఇక తప్పు పట్టేందుకు చోటెక్కడ? లాభానికి 50 రెట్ల ధర పెట్టి కొంటే ఏడాది లాభం మన పెట్టుబడిలో 2 శాతమేనని, కంపెనీ మంచితనమంతా ధరలో ముందే కూర్చుని ఉండొచ్చని ఎవరైనా గొణిగితే గంభీరంగా తలూపండి.

తర్వాతది డీసీఎఫ్, అంటే కంపెనీకి ముందుముందు వచ్చే నగదును ఊహించి దానికి నేటి విలువ కట్టే లెక్క. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్న సామెతను ఎక్సెల్‌లో వేస్తే వచ్చేది ఇదే. అయిదో ఏట నగదు 100 అనుకోండి. డిస్కౌంట్ రేటు (రేపటి రూకను నేటి విలువకు తగ్గించే రేటు) 10 శాతం, ఆపైన శాశ్వత వృద్ధి 3 శాతం అయితే టెర్మినల్ వాల్యూ, అంటే అయిదో ఏడు తర్వాత వచ్చే నగదంతటికీ కట్టే విలువ, 103ని 0.07తో (10లోంచి 3 పోగా మిగిలిన 7 శాతంతో) భాగిస్తే వచ్చే 1471. వృద్ధిని 4 శాతం చేయండి, 104ని 0.06తో భాగించాలి, 1733 అవుతుంది. ఒక్క శాతం కదిపితే దాదాపు 18 శాతం పెరిగిందన్నమాట! షేరు చవక అనిపించాలంటే కంపెనీని మార్చక్కర్లేదు, గడిలో ఒక అంకె మారిస్తే చాలు. "ఈ 4 ఎక్కడిది?" అని అడిగితే మాత్రం పాత కాపీలో అంతే ఉందని నిజం చెప్పకండి. ఆర్థిక వ్యవస్థ కన్నా వేగంగా ఒక కంపెనీ కలకాలం పెరుగుతూ పోతే చివరికి ఆర్థిక వ్యవస్థే దాని కడుపులో ఉంటుందన్న చాదస్తపు లెక్క వాళ్ళు తీయవచ్చు.

వార్షిక నివేదికలో రంగుల బొమ్మలున్న పేజీలే చదవండి. వెనక చీమతలకాయంత అక్షరాల్లో ఉండే నోట్స్ కళ్ళకు మంచివి కావు. అమ్మకాలు 100 నుంచి 110కి పెరిగాయని ముందు పేజీ మురిసిపోతుంటుంది. కొన్నవాళ్ళు ఇంకా చెల్లించాల్సిన బాకీలు 20 నుంచి 28కి పెరిగాయని వెనక పేజీ నసుగుతుంటుంది. అంటే బాకీ వసూలుకు 73 రోజులు పట్టేది ఇప్పుడు 93 పడుతోంది. సరుకు ఏడాది చివర్లో అరువు మీద తోసేశారా, కొన్నవాళ్ళ దగ్గరే డబ్బు ఆడటం లేదా? ఇంటర్వ్యూ సగం ఇక్కడే నడుస్తుంది. మీరు అప్పటికి బ్రాండ్ దగ్గరే ఉంటారు.

తరుగుదల, అంటే యంత్రాలు అరిగినందుకు చేతి నుంచి డబ్బు పోకుండానే ఖర్చుగా రాసుకునే మొత్తం, 10 పెరిగితే ఏమవుతుందన్న ప్రశ్నకు చిలక పలుకు సిద్ధంగా ఉంచుకోండి. పన్ను 30 శాతమైతే లాభం 7 తగ్గుతుంది, నగదు 3 పెరుగుతుంది. ఆస్తుల్లో యంత్రాల విలువ 10 తగ్గి నగదు 3 పెరుగుతుంది, ఆ తేడా 7 అటువైపు వాటాదారుల నిధిలోనూ తగ్గుతుంది. ఇంతవరకు భేష్. "నగదు ఎందుకు పెరిగింది?" అన్నారో, చిలక ఎగిరిపోతుంది. పన్ను 3 తగ్గింది, అంతే సంగతి.

బాండ్ల (అప్పుపత్రాల) ప్రశ్న చిన్నదే. డ్యూరేషన్ (రేటు కదిలితే ధర ఎంత కదులుతుందో చెప్పే కొలత) 7 ఉన్న బాండుకు, రాబడి రేటు ఒక శాతం పెరిగితే, ధర సుమారు 7 శాతం పడుతుంది. షేర్ల మనుషులమని చెప్పుకుని తప్పించుకునేవాళ్ళే ఎక్కువ.

అసలు గండం వేరే ఉంది. "ఇండెక్స్ ఫండ్ ఉండగా మాకు ఫీజు ఎందుకు ఇవ్వాలి?" షేర్లు ఏరే పని లేకుండా మార్కెట్ సూచీలో ఉన్నవన్నీ చవగ్గా కొనిపెట్టే ఈ ఇండెక్స్ ఫండ్‌ను వాన్‌గార్డ్ సంస్థ స్థాపకుడు జాన్ బోగుల్ 1976లో సామాన్యుడి చేతికి ఇచ్చినప్పటి నుంచీ ఈ వృత్తికి నిద్ర లేదు. ఏటా 7 శాతం వచ్చే 100 రూకలు 30 ఏళ్ళకు 761 అవుతాయి. అందులో ఏటా ఒక శాతం ఫీజుగా పోతే 574. కంటికి ఒక శాతమే, చివరికి నాలుగోవంతు మాయం. ధనికుల సొమ్ముతో, భారీ ఫీజుతో నడిచే హెడ్జ్ ఫండ్లు ఇండెక్స్ ఫండ్‌ను మించలేవని పెట్టుబడుల దిట్ట వారెన్ బఫెట్ 2008లో కట్టిన పదేళ్ళ పందెంలోనూ ఇండెక్స్ ఫండే గెలిచింది. ఇవేమీ తెలియనట్టు "మార్కెట్లంటే చిన్నప్పటి నుంచీ పిచ్చి" అని బదులివ్వడం ఆనవాయితీ. అంత పిచ్చి ఉన్నవారు నిరుడు ఏ అభిప్రాయం మార్చుకున్నారని అడిగితే నిశ్శబ్దమే ఉత్తమం.

ఇక ఆఖరి జాగ్రత్త. చాలా ఫండ్లు తమ దగ్గరున్న షేర్ల జాబితా ఎప్పటికప్పుడు బయటపెడుతుంటాయి. పొరపాటున కూడా దాన్ని తెరవకండి. పాత జాబితా పక్కన కొత్తది పెట్టి చూస్తే, మీరు కొనమని ఊగిపోతూ చెప్పబోయే షేరును వాళ్ళు మొన్ననే మొత్తంగా అమ్ముకున్నారని తెలిసిపోతుంది. అమ్మినాయన బల్లకు అవతల పెన్ను మూత తీసి, రెండు నిమిషాలూ మీ మాటల్ని శ్రద్ధగా రాసుకుంటూనే ఉంటాడు.